లిఫ్ట్ టికెట్, స్కీ బడి, పిల్లల గది: ఒక బిల్లు వెనక కథ



ఈ వారం చరిత్ర కబుర్లు మా వంటింటి బల్ల మీద పడున్న ఒక బిల్లుతో మొదలుపెడతాను.

మేం డెన్వర్‌లో ఉంటాం. ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళయింది. మంచు కొండలు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటాయి గానీ స్కీయింగ్ జోలికి ఎప్పుడూ పోలేదు. మాకెందుకులే, కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకోవడం ఎందుకు, అనే రకం మేం. పోయిన ఏడాది మావాడు, ఏడేళ్ళు వాడికి, "క్లాసులో అందరూ వెళ్ళారు, నేనొక్కణ్ణే వెళ్ళలేదు" అని మొదలుపెట్టాడు. సరే, క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య మూడు రోజులు వెళ్దామనుకున్నాం. సంవత్సరం మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైన మూడు రోజులు అవేనని అప్పటికి తెలీదు.

వెళ్ళేది ఐదుగురం. నేను, మావారు, బాబు, మూడేళ్ళ పాప, తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన మా అత్తగారు. మావారు లెక్క వేసి కాగితం బల్ల మీద పెట్టారు. అందులో మూడు పెద్ద లైన్లు. లిఫ్ట్ టికెట్లు. స్కీ పాఠాలు. పాపకి డే కేర్. గదీ, తిండీ, బూట్లూ స్కీల అద్దె వేరే.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం నిదానంగా చదివారు. "అమ్మాయ్, కొండ ఎక్కడానికి డబ్బులు, దిగడం నేర్చుకోడానికి డబ్బులు, మీరు ఎక్కి దిగుతుంటే పిల్లని చూసినందుకు డబ్బులు. మనం వెంకన్న కొండెక్కితే దేవుడైనా కనపడతాడు. ఇక్కడ పైకెళ్ళి ఏం చూస్తార్రా?" అన్నారు.

నవ్వేశాం గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ మూడు లైన్లూ ఎక్కణ్ణుంచి వచ్చాయి? మొదటిసారి ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు? చదువుతూ పోతే మూడు లైన్లకీ మూడు వేరే వేరే పుట్టుకలున్నాయని తెలిసింది. ఒకటి మద్రాసు మీదుగా వెళ్తుంది, ఒకటి జైలు గుండా వెళ్తుంది. మూడోది చాలా ఆలస్యంగా పుట్టింది, ఎందుకో అక్కడికొచ్చాక చెప్తాను.

స్కీయింగ్ అసలు మొదలు గురించి ఎక్కువ చెప్పను. మంచు దేశాల్లో చెక్కలు కట్టుకుని నడవడం వేల ఏళ్ళ నాటి పని. ఆ పనిని ఆటగా మార్చినవాళ్ళలో నార్వేలో టెలిమార్క్ ప్రాంతపు సోండ్రె నోర్‌హైమ్ ముఖ్యుడు. 1868లో రాజధానికొచ్చి పోటీలో అందరినీ ఆశ్చర్యపరిచాడు. తరువాత అమెరికా వలసొచ్చి 1897లో నార్త్ డకోటాలో పోయాడు. నార్త్ డకోటా అంటే బల్లపరుపు నేల, కొండలే ఉండవు. పాపం అనిపిస్తుంది నాకు.

మనకి కావలసింది ఆ తరువాతి ఘట్టం. ఆట సెలవుల వ్యాపారం అయిన ఘట్టం.

స్విట్జర్లాండ్ వెళ్దాం. ఆల్ప్స్ కొండల్లో హోటళ్ళన్నీ వేసవి కోసం కట్టినవి. చలికాలం తలుపులు మూసేవాళ్ళు. 1864లో సెంట్ మోరిట్జ్‌లో యోహానెస్ బాడ్రుట్ అనే హోటల్ యజమాని ఇంగ్లిష్ అతిథులతో పందెం కట్టాడని ఒక కథ చెప్తారు. చలికాలంలో రండి, ఎండ లేకపోతే ఖర్చులు నావి, అన్నాడట. పందెమో ప్రచారమో, మొత్తానికి చలికాలం అతిథులు మొదలయ్యారు. ఖాళీగా పడున్న గదులు నింపుకోవాలన్నది అక్కడి అవసరం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఇక్కడే మన మద్రాసు. హెన్రీ లన్ అనే ఇంగ్లిష్ మెథడిస్టు పాస్టరు ఉండేవాడు, వైద్యం కూడా చదువుకున్నవాడు. 1887లో మిషనరీగా మన దక్షిణాదికి వచ్చాడు. ఒంట్లో బాగోలేక ఏడాది తిరక్కుండానే వెనక్కెళ్ళిపోయాడు. ఈలోపు 1888 ఏప్రిల్‌లో మద్రాసులో ఆయనకొక కొడుకు పుట్టాడు, ఆర్నాల్డ్ లన్. ఈ తండ్రీకొడుకులిద్దరూ లేకపోతే ఇవాళ్టి స్కీ సెలవులు వేరేగా ఉండేవి. ఎండలు మండే మద్రాసు ఏప్రిల్లో పుట్టిన పిల్లాడు ప్రపంచానికి స్లాలొమ్ పందెం ఇప్పుడున్న రూపంలో ఇచ్చాడంటే నాకు ఇప్పటికీ తమాషాగానే ఉంటుంది. 1922లో మ్యూరెన్ అనే ఊళ్ళో, జెండా కర్రలు పాతి వాటి మధ్య మెలికలు తిరుగుతూ దిగే పందెం పెట్టాడు. దానికి సర్ బిరుదు కూడా వచ్చింది, 1952లో.

తండ్రి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. హెన్రీ లన్ 1892లో గ్రిండెల్‌వాల్డ్ అనే స్విస్ ఊళ్ళో చర్చిల ఐక్యత కోసం సభలు పెట్టాడు. వచ్చేవాళ్ళకి రైలు టికెట్లూ హోటలు గదులూ కలిపి ఏర్పాటు చేశాడు. సభల సంగతేమో గానీ ఆ ఏర్పాటు బాగా నడిచింది. పాస్టరుగారు ట్రావెల్ ఏజెంటు అయిపోయారు! తరువాత చలికాలం సెలవులు అమ్మడం మొదలుపెట్టాడు. పెద్దింటి ఇంగ్లిష్‌వాళ్ళకి ప్యాకేజీ టూరు అంటే నామోషీ. అందుకని పబ్లిక్ స్కూల్స్ ఆల్పైన్ స్పోర్ట్స్ క్లబ్ అని పేరు పెట్టాడు. ఇప్పుడది టూరు కాదు, క్లబ్బు సభ్యత్వం. మనుషులు ఎక్కడైనా ఒకటే కదండీ.

లిఫ్ట్ టికెట్ మొలక అక్కడుంది. మ్యూరెన్ కొండ మీది ఊరు. కింద లౌటర్‌బ్రునెన్ నుంచి పైకి చిన్న రైలుంది, కానీ అది వేసవి బండి. 1910 చలికాలంలో లన్ అతిథుల కోసం దాన్ని నడపడం మొదలుపెట్టారు. అప్పటిదాకా స్కీ వాళ్ళు చెక్కల అడుగున సీల్ చర్మం కట్టుకుని, గంటల తరబడి ఎక్కి, నిమిషాల్లో దిగేవాళ్ళు. రోజుకి ఒకటో రెండో దిగుళ్ళు, అంతే. రైలు టికెట్ కొనుక్కుంటే ఎక్కే కష్టం పోతుంది, దిగే సరదా మిగుల్తుంది. మా అత్తగారు వేలు పెట్టిన మొదటి లైను ఇదే, కష్టం తీసేసి సరదా అమ్మడం.

రైలు లేని పల్లెటూళ్ళో ఏం చేశారు? జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ అడవుల్లో షొల్లాఖ్ అనే చిన్న ఊరు. అక్కడ రాబర్ట్ వింటర్‌హాల్డర్ అనే రైతు అతిథి గృహం నడిపేవాడు. గాలి మార్పు కోసం వచ్చే పట్నం వాళ్ళకి వాలు ఎక్కాలంటే ఆయాసం. ఆయనకి నీటితో తిరిగే మర ఉంది. మరని తిప్పే నీళ్ళు మనుషుల్ని లాగలేవా అనుకుని, తిరుగుతూ ఉండే ఒక తాడు కట్టాడు. 1908 ఫిబ్రవరి 14న మొదలైంది. పొడవు 280 మీటర్లు, ఎత్తు 32 మీటర్లు. ప్రపంచంలో మొదటి స్కీ లిఫ్ట్ అదేనంటారు. ఊరూరా అమ్ముదామని చూశాడు గానీ పెద్దగా ఎవరూ కొనలేదు.

అమ్ముడుపోయింది పాతికేళ్ళ తరువాత. 1934 డిసెంబర్ 24న, క్రిస్మస్ ముందురోజు, దావోస్‌లో బోల్గెన్ అనే వాలు మీద ఎర్న్‌స్ట్ కాన్‌స్టామ్ అనే జ్యూరిక్ ఇంజనీరు లిఫ్ట్ నడిచింది. కొక్కెంలాంటి కర్ర నడుం వెనక పెట్టుకుంటే లాక్కుపోతుంది. అదే ఏడాది జనవరిలో అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం వుడ్‌స్టాక్‌లో ఒక రైతు పొలంలో పాత ఫోర్డ్ మోడల్ టీ ఇంజనుకి తాడు కట్టి లాగారు. అంటే మన బోరింజను తీసి మోటకి కట్టినట్టు.

కుర్చీ లిఫ్టుది మాత్రం అరటి గెలల కథ. యూనియన్ పసిఫిక్ రైల్వే ఛైర్మన్ ఆవరెల్ హారిమన్‌కి చలికాలంలో పడమటి వైపు రైళ్ళు ఖాళీగా పోతున్నాయని బాధ. ఖాళీ హోటలు స్థానంలో ఇక్కడ ఖాళీ రైలు. ఐడహోలో సన్ వ్యాలీ అని ఊరికి ఊరే కట్టించాడు. ఆ కంపెనీలో జేమ్స్ కరన్ అనే ఇంజనీరు అంతకుముందు ఉష్ణ దేశాల్లో ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రాలు తయారుచేశాడు. కదిలే తీగకి కొక్కేలు, కొక్కేలకి గెలలు. గెల తీసేసి కుర్చీ పెడితే? ఎండాకాలం ఒమాహాలో లారీ పక్కన కుర్చీ బిగించి, మనుషులకి రోలర్ స్కేట్లు తొడిగి, ఎంత వేగంలో కూర్చోగలరో చూశారు. 1936 డిసెంబరులో సన్ వ్యాలీ తెరిచారు. మొన్న ఆ కుర్చీ వెనకనుంచి వచ్చి మోకాళ్ళ కింద కొట్టినప్పుడు, అరటి గెలకి ఈ దెబ్బ తగిలినా నొప్పి తెలీదు గదా అనుకున్నాను.

ఇక రెండో లైను, పాఠాలు. నా మనసుకి బాగా తగిలిన భాగం ఇది.

ఆస్ట్రియాలో ఆర్ల్‌బర్గ్ కనుమ దగ్గర ష్టూబెన్ అనే పల్లెలో 1890లో హానెస్ ష్నైడర్ పుట్టాడు. 1907లో పక్కనే ఉన్న సెంట్ ఆంటన్‌లో హోటల్ పోస్ట్ యజమాని ఇతన్ని అతిథులకి స్కీ నేర్పడానికి పెట్టుకున్నాడు. పదిహేడేళ్ళ కుర్రాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా కొండ సైన్యానికి స్కీ నేర్పాడు. వందలమందికి ఒకేసారి నేర్పడం ఎలాగో అక్కడ వంటబట్టింది. యుద్ధం అయ్యాక అదే పద్ధతి అతిథులకి పెట్టాడు. వచ్చినవాళ్ళని సామర్థ్యాన్ని బట్టి గుంపులు చేసేవాడు. కొత్తవాళ్ళు ఒక వైపు, కాస్త వచ్చినవాళ్ళు ఒక వైపు, బాగా వచ్చినవాళ్ళు ఇంకో వైపు. కింది తరగతి పాఠం రానిదే పై తరగతికి పంపడు. జమీందారైనా సరే, మెలిక తిప్పడం రాకపోతే మొదటి తరగతిలో నిలబడాల్సిందే.

మొదటి పాఠం ఏంటో తెలుసా? స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరానికి. పైనుంచి చూస్తే పెంకుటింటి కప్పు ఆకారం. దాన్నే స్నోప్లౌ అంటారు. వేగం తగ్గుతుంది, భయం తగ్గుతుంది. ఇది ష్నైడర్ ఒక్కడి సొత్తు కాదు. అతనికన్నా ముందు లీలియెన్‌ఫెల్డ్‌లో మతియాస్ జ్డార్‌స్కీ కూడా ఇలాంటిది నేర్పాడు. కానీ స్నోప్లౌ నుంచి మెల్లగా రెండు స్కీలూ పక్కపక్కన పెట్టి తిరిగేదాకా మెట్లు మెట్లుగా కట్టి, ఎక్కడికైనా తీసుకెళ్ళగల సిలబస్‌లా చేసింది ష్నైడర్. అమెరికాలో పిల్లల టీచర్లు దాన్ని పీజా అంటారు. పీజా ముక్క ఆకారం కదా. స్కీలు పక్కపక్కన పెడితే ఫ్రెంచ్ ఫ్రైస్. మావాడు మూడు రోజులూ "పీజా, పీజా" అని అరుస్తూనే దిగాడు. నూరేళ్ళ నాటి ఆర్ల్‌బర్గ్ పాఠం అది. వాడికి చెప్తే, "మరి అప్పుడు పీజా ఉండేదా?" అన్నాడు.

సెంట్ ఆంటన్‌లో ష్నైడర్‌తో పాటు ఇంకో మనిషి ఉన్నాడు. రుడాల్ఫ్ గోంపెర్జ్, వియన్నా నుంచి వచ్చిన ఇంజనీరు, యూదు కుటుంబంలో పుట్టినవాడు. ష్నైడర్ నేర్పితే, ఆ ఊరికి అతిథుల్ని రప్పించే పని గోంపెర్జ్‌ది. ప్రచారం, ఏర్పాట్లు, ఉత్తరప్రత్యుత్తరాలు. మనం ఇవాళ ట్రిప్ ప్లానింగ్ అంటున్నామే, ఆ పని ఊరంతటి కోసం చేసిన మనిషి.

1933లో హిట్లర్ ప్రభుత్వం ఒక రూలు పెట్టింది. ఆస్ట్రియా వెళ్ళే ప్రతి జర్మన్ వెయ్యి మార్కులు కట్టాలి. అతిథుల మీద బతికే ఆ కొండ ఊళ్ళని ఎండగట్టాలని. అయినా ఇంగ్లండ్ నుంచీ ఇతర దేశాల నుంచీ వచ్చేవాళ్ళతో సెంట్ ఆంటన్ నిలబడింది. మన ఆర్నాల్డ్ లన్, ష్నైడర్ కలిసి 1928లో అక్కడ ఆర్ల్‌బర్గ్ కాందహార్ అని పందెం మొదలుపెట్టి ఉన్నారు. కాందహార్ ఏంటి ఆల్ప్స్‌లో అంటారా? ఆఫ్ఘన్ యుద్ధంలో పేరు తెచ్చుకున్న లార్డ్ రాబర్ట్స్ ఆఫ్ కాందహార్ పేరు మీద 1911లో హెన్రీ లన్ వాళ్ళు ఒక కప్పు పెట్టారు. ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఆ రాబర్ట్స్ కూడా మన కాన్పూరులో పుట్టినవాడే.

1938 మార్చిలో నాజీలు ఆస్ట్రియాని మింగేశారు. వెంటనే ష్నైడర్‌ని అరెస్టు చేశారు. నాజీలంటే గిట్టనివాడు, యూదు స్నేహితులున్నవాడు, అదీ నేరం. కొన్ని వారాలు జైల్లో, తరువాత జర్మనీలో గార్మిష్‌లో నిఘా కింద. ఆ మార్చిలోనే సెంట్ ఆంటన్‌లో జరగాల్సిన కాందహార్ పందేన్ని ఆర్నాల్డ్ లన్ రద్దు చేసేశాడు. మీ మేష్టర్ని లోపల పెట్టి మా పందెం నడపం, అని.

ష్నైడర్‌ని బయటికి లాగింది ఒక బ్యాంకరు. హార్వే గిబ్సన్‌ది న్యూ హాంప్‌షైర్‌లో నార్త్ కాన్వే. సొంతూళ్ళో స్కీ కొండ పెట్టుకున్నాడు. జర్మనీతో అప్పుల లావాదేవీల్లో ఆయనకి మాట చెల్లుతుంది. ఆ పలుకుబడి వాడాడు. 1939 ఫిబ్రవరిలో ష్నైడర్ భార్యాపిల్లలతో నార్త్ కాన్వే స్టేషన్‌లో దిగితే, ఊరి పిల్లలు స్కీ కర్రలు పైకెత్తి తోరణంలా పట్టుకుని నిలబడ్డారు. ఆ తోరణం కిందనుంచి నడిచాడు. 1955లో పోయేదాకా అక్కడే నేర్పాడు.

గోంపెర్జ్‌కి బ్యాంకరు ఎవరూ దొరకలేదు. ఎన్నేళ్ళు ఆ ఊరికి అతిథుల్ని రప్పించాడో ఆ ఊరినుంచే వెళ్ళగొట్టారు. 1942 మే నెలలో వియన్నా నుంచి రైలెక్కించి, మిన్‌స్క్ దగ్గర మాలీ త్రొస్త్యానెట్స్‌లో చంపేశారు. ఫెలిక్స్ మిట్టరర్ అనే నాటక రచయిత 1987లో ఈ జీవితం ఆధారంగా నాటకం రాశాక చాలామందికి ఈ పేరు మళ్ళీ తెలిసింది. స్కీ పాఠాల లైను చూసినప్పుడల్లా నాకు ఇద్దరూ గుర్తొస్తారు, తోరణం కింద నడిచినవాడూ, రైలెక్కినవాడూ.

ష్నైడర్ కొడుకు హెర్బర్ట్ అమెరికా సైన్యంలో చేరి, కొండల మీద యుద్ధానికి తయారుచేసిన టెన్త్ మౌంటెన్ డివిజన్‌లో పనిచేశాడు. ఆ డివిజన్ శిక్షణ పొందింది మా కొలరాడోలోనే, క్యాంప్ హేల్‌లో. అందులోనే పీట్ సీబర్ట్ అనే కుర్రాడు ఉన్నాడు. ఇటలీలో బాగా గాయపడ్డాడు. ఇంటికొచ్చి, ఎర్ల్ ఈటన్ అనే స్నేహితుడు చూపించిన కొండ మీద 1962 డిసెంబరులో వేల్ స్కీ రిసార్ట్ తెరిచాడు. మొదటి సీజనులో రోజు టికెట్ 5 డాలర్లు. ఇవాళ్టి లెక్కలో దాదాపు 50 అనుకోండి. 2023-24 సీజనులో రద్దీ రోజుల్లో అదే టికెట్ కౌంటర్ దగ్గర 299 డాలర్లు.

ఎందుకింత పెరిగింది? మంచు తయారుచేసే యంత్రాలు, పెద్ద లిఫ్టులు, భూమి, బీమా, అన్నీ ఉన్నాయి. కానీ 1998లో ఒక మలుపు తిరిగింది, అదీ కుటుంబాల పేరు మీదే. మాకు దగ్గర్లోని వింటర్ పార్క్, నలుగురు కలిసి సీజను పాసులు కొంటే మనిషికి 200 డాలర్లకే ఇస్తామంది. నలుగురికీ 800. బడ్డీ పాస్ అన్నారు. పక్క రిసార్టులన్నీ ధరలు దించాల్సి వచ్చింది. 2008లో వేల్ కంపెనీ 579 డాలర్లకి తమ కొండలన్నిటికీ కలిపి ఎపిక్ పాస్ పెట్టింది. 2018లో పోటీగా ఐకాన్ పాస్ వచ్చింది. మంచు పడకముందే డబ్బు తీసుకోవడం దీని కిటుకు. మంచు పడినా పడకపోయినా కంపెనీకి బెంగ లేదు, ఆ రిస్కు ఇప్పుడు మనది. ముందు కొనుక్కున్నవాడికి చవక. మాలాగా డిసెంబర్ మధ్యలో తెలివి తెచ్చుకున్నవాడికి కౌంటర్ ధర. సీజను పాసుల అమ్మకం మామూలుగా డిసెంబర్ మొదటి వారంలోనే మూసేస్తారు. మీలో ఎవరైనా వచ్చే ఏడాది వెళ్ళాలనుకుంటే వేసవిలోనే, మామిడిపళ్ళ సీజను దాటకముందే, ఆ పని కానివ్వండి.

యూరప్‌లో ఇంకో దారి తొక్కారు. ఇటలీ డొలొమైట్ కొండల్లో 1974లో లోయలన్నీ కలిసి డొలొమిటి సూపర్‌స్కీ అని ఒకే పాసు పెట్టాయి. ఇప్పుడు పన్నెండు ప్రాంతాలు, దాదాపు 1200 కిలోమీటర్ల వాలు దారులు దాని కిందకొస్తాయి. లిఫ్టులు చాలామంది చిన్న యజమానులవి. ఎవరి లిఫ్ట్ ఎన్నిసార్లు ఎక్కారో చూసి డబ్బు పంచుకుంటారు.

ఇప్పుడు మూడో లైను. పిల్లలు.

లన్ కాలపు పెద్దిళ్ళ వాళ్ళకి ఇది సమస్యే కాదు. ఇంట్లో నానీ ఉండేది. మద్రాసులో దొరల ఇళ్ళలో ఐతే ఆయా. ఆ మాటే పోర్చుగీసు నుంచి మనకొచ్చి, మననుంచి ఇంగ్లిష్‌లోకి పోయింది. దొరల పిల్లల్ని చూసుకుంటూ ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్ళి, అక్కడ పని ఐపోయాక తిరుగు టికెట్ లేక నిలబడిపోయిన మన ఆడవాళ్ళ కోసం లండన్‌లో హ్యాక్నీలో ఆయాల ఇల్లు అని నడిపేవాళ్ళు. పిల్లల్ని చూసే పనికి బిల్లులో లైను లేదు, ఎందుకంటే ఆ పని చేసేవాళ్ళు లెక్కలోనే లేరు.

మామూలు జనం కొండలకి రావడం మొదలయ్యాకే ఈ లైను అవసరమైంది. 1936లో ఫ్రాన్స్‌లో పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం కూలీలందరికీ జీతంతో రెండు వారాల సెలవు చట్టం చేసింది. 1956లో మూడోవారం వచ్చింది, 1969లో నాలుగోది. వేసవి సెలవు పోగా మిగిలినది చలికాలానికి.

పిల్లలు మాత్రం తల్లిదండ్రులకన్నా ముందే కొండెక్కారు. 1953లో పారిస్ పక్కనే ఉన్న వాన్వ్ అనే ఊరి బడి వాళ్ళు ఒక తరగతినంతా టీచరుతో సహా ఒక కొండ ఊరికి తీసుకెళ్ళారు. మాక్స్ ఫూరెస్టియే అనే డాక్టరు ఆలోచన అది. పట్నం పిల్లలకి గాలీ ఎండా తగలాలని. కొంతసేపు పలకా బలపం, కొంతసేపు స్కీలు. మంచు తరగతులు అని పేరొచ్చి, దేశమంతా పాకింది. మా డెన్వర్‌లోనూ అంతే. 1939లో ఎస్కిమో స్కీ క్లబ్ అని పెట్టి, శనివారాలు పిల్లల్ని రైలెక్కించి మొఫాట్ సొరంగం గుండా వింటర్ పార్క్ తీసుకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఆ రైలు చూస్తే పిల్లలకన్నా పెద్దలే ఎక్కువ.

వింటర్ పార్క్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. 1970లో డెన్వర్ పిల్లల ఆసుపత్రి నుంచి కాళ్ళో చేతులో కోల్పోయిన 23 మంది పిల్లల్ని అక్కడికి తెచ్చారు. హాల్ ఓలియరీ అనే స్కీ మేష్టరు నేను నేర్పుతానన్నాడు. అప్పటికి ఆయనకి అలాంటి పాఠం చెప్పిన అనుభవం లేదు. ఒంటి కాలి మీద తనే జారి చూసుకుని నేర్పాడు. ఒక్కసారి పాఠం అనుకున్నది, దేశంలో వికలాంగుల క్రీడలకి పెద్ద కేంద్రంగా ఎదిగింది. మావాడి పక్కన ఒక అమ్మాయి కుర్చీలాంటి స్కీ మీద కూర్చుని దూసుకుపోతుంటే, "అమ్మా, ఆ అక్క నాకన్నా ఫాస్ట్" అన్నాడు.

మరి పాలు తాగే పిల్లలు, మూడేళ్ళ పిల్లలు? వాళ్ళతో వెళ్ళిన ఇంట్లో ఒకరు కింద ఉండిపోవాలి. ఎవరు ఉండిపోతారో మీకు చెప్పక్కర్లేదు. మొదటి లిఫ్ట్ 1908లో వచ్చింది, స్కీ బడి ఇరవైలకల్లా స్థిరపడింది. పిల్లల గది మాత్రం అందరూ కొనుక్కోగలిగే మామూలు సేవ అయ్యింది రెండో యుద్ధం తరువాత ఎప్పటికో. తల్లి కింద కూర్చుంటే ఎవరికీ నష్టం కనపడలేదు కాబట్టి ఆలస్యమైంది, నా లెక్కలో అంతే. తల్లి కూడా టికెట్ కొంటుంది, పాఠాలకి కడుతుంది అని అర్థమయ్యాక పిల్లల గది తలుపు తెరుచుకుంది.

క్లబ్ మెడ్ 1956లో స్విట్జర్లాండ్ లేజాఁలో మొదటి మంచు విడిది పెట్టింది. అన్నీ ఒకే ధరలో కలిపేసే పద్ధతి వాళ్ళది. అరవైల్లో మినీ క్లబ్ అని పిల్లల్ని పొద్దున్న తీసుకుని సాయంత్రం అప్పజెప్పే ఏర్పాటూ తెచ్చారు. ఇంకో అడుగు ముందుకేసింది ఆనీ ఫామోజ్. 1966లో స్లాలొమ్ ప్రపంచ ఛాంపియన్, 1968 గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో రెండు పతకాలు. రేసులు మానేశాక అవోరియాజ్‌లో పిల్లల ఊరు అని కట్టింది. అసలు అవోరియాజ్ ఊరే కార్లు తిరగని ఊరు. అందులో మళ్ళీ పిల్లలకి వేరే వాలు, వాళ్ళ ఎత్తుకి తగిన లిఫ్టులు, ఆటలు. మూడేళ్ళ నుంచీ చేర్చుకుంటారు. అంతవరకూ పిల్లల గది అంటే తల్లిదండ్రుల అడ్డు తొలగించే గది. అక్కడ పిల్లకి కూడా తన వంతు మంచు దొరికింది. పతకాలకన్నా ఇదే పెద్ద పని అనిపిస్తుంది నాకు. ఫ్రెంచ్ స్కీ బడిలో ఐతే చిన్నపిల్లల మొదటి మెట్టు పేరు పియూ పియూ, కోడిపిల్ల కూత. ఆ తరువాత ఎలుగు పిల్ల, మంచు రేకు, నక్షత్రాలు.

సరే, మా సంగతికొస్తాను. పాప డే కేర్‌కి ఫోను చేస్తే మూడు రోజుల్లో రెండు రోజులకే చోటుందన్నారు. టీకాల కాగితం పంపాలి. స్కీ పాఠంలో చేరాలంటే డైపర్ మానేసి ఉండాలి. ఇవన్నీ అక్టోబరులోనే చూసుకోవాల్సినవి. మిగిలిన ఒక్కరోజు మేం ఒకరి తరువాత ఒకరం దిగి చూసుకుందామనుకున్నాం. అత్తగారు ఒప్పుకోలేదు. "నేనుండగా పిల్లకి అద్దె మనుషులేంటి?" అన్నారు. తెలుగు ఇళ్ళలో మూడో లైను ఎప్పుడూ సున్నాయే కదా, అమ్మమ్మో నాయనమ్మో విమానమెక్కి వస్తుంది. నాకు సిగ్గేసింది. ఆయాల ఇంటి గురించి చదువుతున్న నేనే, ఆవిడ పేరు బిల్లులో రాయలేదు. ఆవిడకి ఏం చూడాలని ఉందో కూడా అడగలేదు.

ఆ మాటే అడిగాను. కాసేపు ఆలోచించి, చిన్నపిల్లల వాలు మీద నేలమట్టంగా మెల్లగా పైకి పోయే బెల్టు చూపించారు. మ్యాజిక్ కార్పెట్ అంటారు, విమానాశ్రయంలో కదిలే నడవ లాంటిది. "అది ఎక్కాలనుందమ్మా."

టికెట్ లేనివాళ్ళు ఎక్కకూడదు. అక్కడ నిలబడ్డ కుర్రాడికి విషయం చెప్పాను. చీర మీద మావారి జాకెట్టు, కాళ్ళకి నా మంచు బూట్లు, చేతిలో మనవరాలు. వాడు ఒకసారి ఆవిడ వైపు చూసి బెల్టు వేగం తగ్గించాడు. ఇద్దరూ ఎక్కారు. పైకెళ్ళి, దిగి, ఒక నిమిషం అటూ ఇటూ కొండల్ని చూసి, పాప చెయ్యి పట్టుకుని పక్కనున్న కాలిదారి వెంబడి నడుచుకుంటూ కిందికొచ్చారు. ఆ మూడు రోజుల్లో డబ్బు కట్టకుండా కొండెక్కింది మా ఇంట్లో వాళ్ళిద్దరే.

"ఏం కనపడింది అత్తయ్యా పైన?" అన్నాను.

"మీరు పడ్డం," అన్నారు.